మూసిన గదిలో సాంబ్రాణి

నిరుడు చలికాలంలో కొండాపూర్‌లోని ఒక ఫ్లాటులో, బాలింత గదిలో నిలబడి ఉండగా నా చేతిలోని మీటరు మోగింది. వాసనలో తేడా ఏమీ లేదు. గదంతా సాంబ్రాణి పరిమళమే.

ఇళ్లలో గాలిని పరీక్షించడం నా ఉద్యోగం. వాళ్లు నన్ను పిలిచింది కొత్త కప్‌బోర్డుల గురించి. ప్లైవుడ్ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వస్తుంది. ఘనపు మీటరు గాలిలో అది 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. అక్కడ దాటలేదు.

"మరి రోజూ బాబు స్నానమయినంక నాకు తల పగిలిపోతుంది, మేడమ్" అంది బాలింత సుష్మ.

"చెవుల్ల దూది పెట్టుకోమంటే ఇంటదా?" అంది వాళ్లమ్మ.

స్నానం వేళదాకా ఉండిపోయాను. బిడ్డకు నీళ్లు పోశాక, చలిగాలి తగలకుండా పెద్దావిడ కిటికీలు బిగించి, తలుపు మూసింది. బొగ్గుల నిప్పు మీద సాంబ్రాణి చల్లి, బిడ్డ తల ఆరడానికి పొగ పట్టింది. అప్పుడే మీటరు మోగింది. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ఎనిమిది గంటల సగటు తొమ్మిది పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో తొమ్మిది పాళ్లు, దాటకూడదు. అంకె ముప్పై అయిదు దాటి ఇంకా ఎక్కుతోంది.

"బాబును తీసుకుని బయటికి రండమ్మా!"

"ఏంది గంత పరేషాన్? సాంబ్రాణే గద!"

సుష్మ లేవబోయి మంచం అంచు పట్టుకుంది. "కళ్లు తిరుగుతున్నయ్." ఆమెను హాల్లోకి నడిపించి, కిటికీలన్నీ తెరిచాను.

"మా పిల్లలందర్ని గిట్లనే పెంచిన. ఎవలకేం కాలే" అంది మా వెనకాలే హాల్లోకి వచ్చిన పెద్దావిడ, బిడ్డను గుండెకు హత్తుకుని.

"ఊళ్లోనూ గది ఇలాగే మూసేవారా?"

"మూసినా, పెంకుల సందులకెల్లి పొగ పోతుండె." అంటూనే తలెత్తి స్లాబు వంక చూసింది. బిడ్డ తల నిమిరి, "మరి తలెట్ల ఆరాలె?" అంది.

"మెత్తటి తువ్వాలుతో."

"గంత సదువు సదివి తువ్వాల చెప్పినవా!"

వెంటనే అందరినీ దవాఖానకు పంపాను. ఎవరికీ ప్రమాదం లేదన్నారు. ఆ ఇంట్లో బొగ్గులు మళ్లీ రాజెయ్యలేదు, సుష్మకు తలనొప్పీ రాలేదు.

గాలి మంచిదో కాదో ముక్కు చెప్పలేదని నాకు ముందే తెలుసు. ప్రమాదం తెలిసే సమయానికి పెద్దవాళ్లే లేవలేకపోవచ్చని ఆ రోజు చూశాను. మర్నాడు పొద్దున బడికి తయారవుతున్న నా పిల్లలిద్దరికీ మీటరు మోత వినిపించాను.

"ఇది మోగితే చెప్పులు వెతకొద్దు, నన్నూ వెతకొద్దు. తలుపు తీసి బయటికెళ్లి, పక్కింటి ఆంటీని పిలవండి."

"నువ్వు లోపలుంటే?" అంది చిన్నది.

"అప్పుడు ఇంకా తొందరగా వెళ్లాలి."