కటిక దుకాణం దాకా చదివిన రోజు

మా నాన్న నమూనా ముక్కను చూసి బట్ట కొన్న పాపాన పోలేదు. సంగారెడ్డి బజారులో మా దుకాణానికి వచ్చే ఏజెంట్లు అట్టల మీద అతికించిన ముక్కలు చూపించి, "సూడుండ్రి సేట్, పట్టు లెక్క జారుతది" అంటే, ఆయన ఆ ముక్కను వేళ్ల మధ్య నలిపి, మెచ్చుకుని, పక్కన పెట్టేవాడు. "ముక్క మంచిగనే ఉంది. ఇగ థాన్ ఇప్పు" అనేవాడు. థాన్ అంటే బట్ట మొత్తం చుట్ట. దాన్ని లోపలి కొస దాకా విప్పిస్తే తప్ప ధర మాట ఎత్తేవాడు కాదు. నాతో అనేవాడు: "ముక్క అబద్ధమాడదురా. యాడ కోసిండ్రో చెప్పదు, గంతే."

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది మాత్రం బేరమే. బైబిలు కొన్నప్పుడు కూడా అంచుకు పూసిన ఎర్ర రంగు ఒకచోట వెలిసిందని సాకు పెట్టి, అమ్మేవాడి దగ్గర ఒక పాటల పుస్తకం ఊరికే లాగాను. అంత బేరమాడి తెచ్చుకున్న బైబిలును విప్పి చూడటానికి మాత్రం అంత తొందర పడలేదు.

డెబ్బైల మొదట్లో పటాన్‌చెరు దగ్గర ఒక కొత్త ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా రేకుల కప్పు వేసి సొంతంగా బట్టల దుకాణం పెట్టాను. వసారాలో సగం ఒక దర్జీకి కిరాయికిచ్చాను. వాళ్లిల్లు, మా ఇల్లు దుకాణం వెనకే, ఒకే గోడకు అటూ ఇటూ. ఆ గోడలో రెండు వంటిళ్ల మధ్య చువ్వలు లేని చిన్న కిటికీ ఒకటి ఉండేది, సరిగ్గా ఒక పళ్లెం పట్టేంత. మా ఆవిడ మెదక్ వైపు పల్లె నుంచి వచ్చింది. ఆ రేకుల ఇళ్ల మధ్య ఆమెకు దిక్కు ఆ కిటికీయే. దర్జీ భార్యను ఆపా అని పిలిచేది, అక్కా అన్నట్టు.

మా పెద్దపిల్ల పుట్టింది ఆపా చేతుల్లోనే. వానాకాలం మిట్టమధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. బస్సు దొరకలేదు. నేను సంగారెడ్డిలో సరుకు బేరంలో ఉన్నాను. రెండు థాన్లు చవకగా కొట్టుకొచ్చానన్న సంబరంతో ఇంటికి చేరేసరికి గుమ్మంలో ఆపా నిలబడి, "భయ్యా, బిడ్డ పుట్టింది, సప్పుడు జెయ్యకు" అంది. ఆ థాన్లు ఎక్కడ దించానో మర్నాటి దాకా గుర్తు రాలేదు.

అలాంటి ఇంట్లోకి, విశ్వాసి ఎలా బతకాలో చెప్పే ఒక నీలి అట్ట పుస్తకం వచ్చింది. మా ప్రార్థన గుంపు పెద్ద, కోస్తా నుంచి వచ్చి ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరినాయన, దాన్ని తెచ్చారు. రెండు నెలల్లో మా గుంపులో అది లేని ఇల్లు లేదు. కంపెనీ బస్సులో చదివేవాళ్లు, టిఫిను డబ్బా పక్కన పెట్టుకుని చదివేవాళ్లు. నాకూ ఎంతో నచ్చింది. వ్యాపారుల కొలతల గురించి రాసింది చదివి సిగ్గుపడి, మీటరు బద్ద మీద బట్టను లాగి పట్టే అలవాటు మానేశాను. అది నా జీవితంలో చిన్న మార్పేమీ కాదు.

ఆరో అధ్యాయం దగ్గర వచ్చింది చిక్కు. పొరుగువాళ్ల పండుగ వంటకం ఏదైనా దయ్యాల బల్ల మీది కూడేనట. అది తిన్న నోటితో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోకూడదట. కింద ఆధారంగా బైబిల్లో కొరింథువాళ్లకు రాసిన మొదటి పత్రిక, అంటే ఉత్తరం, దాని పదో అధ్యాయంలోంచి ఒక్క వాక్యం. నమూనా ముక్క చూసి వెంటనే కొనేశాను.

బక్రీదు నాడు కిటికీలోంచి గుడ్డ కప్పిన పళ్లెం వచ్చింది. కుర్బానీ మాంసంలో పొరుగువాళ్ల వాటా. మా ఆవిడ చెయ్యి చాచేలోపు నేను అడ్డం పడి పళ్లెం వెనక్కి తోశాను.

"ఒంట్ల మంచిగ లేదు ఆపా, అందరికి" అన్నాను.

దయ్యాల కూడు తప్పించుకోవడానికి అబద్ధమాడిన భక్తుణ్ణి నేను. పైగా మా వీధుల్లో పొరుగింటి పళ్లెం ఖాళీగా కూడా తిప్పి పంపరు, చారెడు చక్కెరైనా వేసి పంపుతారు. నేను నిండు పళ్లెం తిప్పి పంపాను. మర్నాడు పొద్దున చూస్తే కిటికీకి అవతలి నుంచి చెక్క అడ్డం పెట్టి ఉంది. దర్జీ వచ్చి, సలాము లేకుండా మిషను ముందు కూర్చున్నాడు. మా ఆవిడకు అప్పుడు ఏడో నెల.

ఆ ఆదివారం గుంపు పెద్ద, వచ్చే ఆదివారం ప్రభువు బల్ల అని, పండుగ కూడు ముట్టని ఇళ్లవాళ్లు లేచి ఆ మాట చెప్పి రొట్టె తీసుకోవాలని, తిన్నవాళ్లు ఇకపై తినబోమని మాట ఇచ్చేదాకా ఆగాలని చెప్పారు. ఇంటికొచ్చాక మా ఆవిడ అంది:

"నేను బల్లకు రాను."

"గదేంది? మనం తినలే గదా, వాపస్ ఇచ్చినం."

"ఆపా చేతి కూడు దయ్యాలదైతే, నా బిడ్డను పట్టిన చెయ్యి ఎవలదయ్యా? రేపు మల్ల నొప్పులొస్తే ఎవల్ని పిలుస్తవ్, నీలి అట్టనా?"

నేను లేచి దుకాణంలోకి పోయి, మడతపెట్టిన బట్టలే మళ్లీ మడతపెట్టాను.

గురువారం హైదరాబాదు నుంచి ఒక ఏజెంటు వచ్చాడు. కొత్త రకం ప్యాంటు గుడ్డ, అట్ట మీద ముక్క మెరుస్తోంది. అలవాటు కొద్దీ, "ముక్క మంచిగనే ఉంది. థాన్ ఇప్పు" అన్నాను. వాడు గొణుగుతూ విప్పాడు. లోపల మూడు మీటర్ల తర్వాత పొడుగునా నూనె మరక. నేను ఆ మరక వైపు చూస్తూ అలాగే నిలబడిపోయాను. మూడు రూపాయల గుడ్డకు థాన్ విప్పిస్తాను. నా ఇల్లు రెండుగా చీలబోతుంటే ముక్కతో సరిపెట్టుకున్నానా?

గల్లాపెట్టె కింద నుంచి బైబిలు తీశాను. మీటరు బద్ద చంకలో అలాగే ఉంది. పదో అధ్యాయం. నీలి అట్ట వాక్యం ఉన్నచోటే ఉంది, అబద్ధం కాదు. ప్రభువు పాత్ర, దయ్యాల పాత్ర రెండూ తాగలేరని. విగ్రహం ముందు కూర్చుని ఆ పూజలో పాలు పంచుకునేవాళ్లకు చెప్పిన గట్టి మాట అది. కిందికి చదివాను. నాలుగు వాక్యాలు దాటానో లేదో, కటిక దుకాణం! అంగడిలో అమ్మే మాంసం, ఏ గుడి బలి నుంచి వచ్చిందో ఏమీ విచారించకుండా కొనుక్కుని తినమంటున్నాడు ఆ పత్రిక రాసిన అపొస్తలుడు! ఆయన బజారు తెలిసినవాడు. డేరాలు కుట్టి బతికినవాడు, మా వసారాలో కూర్చోదగ్గవాడు!

"దొరికింది!" అని అరిచాను.

గుమ్మంలో ఉన్న ఫ్యాక్టరీ కూలీ, "తెల్ల లుంగీలు వచ్చినయా సేట్?" అన్నాడు.

ఇంకా కిందికి చదివాను. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తినమన్నాడు. గుండె ఎగిరింది. ఆ వెంటనే, ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం తినొద్దన్నాడు. ఎగిరిన గుండె కింద పడింది. కుర్బానీ అంటే బలే కదా. ఆపా ఆ మాట చెప్పే ఇస్తుంది కదా.

నిజం చెబుతాను: థాన్ అక్కడ చుట్టేద్దామనిపించింది. కటిక దుకాణం దాకా కోసి, ఆ ముక్క పట్టుకుని ఆదివారం లేచి గెలవొచ్చు. అప్పుడు నాకూ నీలి అట్టకూ తేడా ఏముంది? పళ్లు నూరుకుంటూ చదివాను. ఎందుకు వద్దన్నాడో కిందనే ఉంది: నీ మనస్సాక్షి కోసం కాదు, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం అని. పేజీలు వెనక్కి తిప్పాను. ఎనిమిదో అధ్యాయంలోనూ ఇదే గొడవ: విగ్రహం వట్టిది, తిండి మనల్ని దేవుడికి దగ్గర చెయ్యదు, కానీ నీ తిండి చూసి బలహీనుడైన సోదరుడు పడిపోకూడదు.

చెప్పినవాడి మనస్సాక్షి అయితే, చెప్పినవాడినే అడగాలి. వసారాలోకి ఉరికాను.

"భాయ్, కుర్బానీ కూర నేను తింటే నీ దిల్ల ఏమనిపిస్తది? నేను నీ దీన్‌కు మొక్కినట్టా?"

దర్జీ సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు. "కిరాయి నాలుగానలు తగ్గించనోడివి, మతం ఏడ మారుస్తవ్ సేట్?"

"నవ్వులాట గాదు భాయ్. మా బైబిల్ల కటిక దుకాణం ముచ్చట ఉంది!"

అప్పుడు తల ఎత్తాడు. "మీ కితాబుల కటికోని ముచ్చట గూడ రాసిండ్రా?" అని, నా మొహం చూసి మిషను ఆపాడు. "సూడు. మా దాంట్ల బుత్ లేదు, విగ్రహం లేదు. అల్లా పేరు మీద కోస్తం. ఒక హిస్సా ఇంటికి, ఒక హిస్సా చుట్టాలకు పొరుగోళ్లకు, ఒకటి గరీబోళ్లకు. నువ్వు పొరుగోడివి. అది నీ హిస్సా. మొక్కుమని ఇయ్యలే, తినుమని ఇచ్చినం. నీ హిస్సా నాకు వాపస్ జేస్తివి. ఇంట్ల ఆడామె రెండు దినాలు ఏడ్చింది."

ఆదివారం. ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఒక ఇంటి వాకిట్లో చాపలు. మా ఆవిడ వెనక వరుసలో, లేచి వెళ్లిపోవడానికి వీలుగా కూర్చుంది. గుంపు పెద్ద ఆరో అధ్యాయం చదవడం మొదలుపెట్టగానే లేచాను. నోరు ఉరకలు వేస్తోంది.

"అన్నా, గా వాక్యం బైబిల్ల చదువుండ్రి. చదివి ఆగకుండ్రి, జెర కిందికి పోండ్రి."

"పుస్తకం రాసినాయన మనకంటే బాగా చదువుకున్నవారండీ బ్రదర్."

"చదువుకున్నోడే అన్నా! గందుకే ముక్క గంత సక్కగ కోసిండు."

చాపల మీద నవ్వులు. ఆయన నవ్వలేదు, కానీ చదివారు. కటిక దుకాణం దగ్గర ఆయన గొంతు నెమ్మదించింది. నాకు గంతులు వేయాలనిపించింది. ఆయన ఆగారు.

"ఆపకుండ్రి అన్నా. నాకు ఎదురుపడే మాట గూడ ఉంది, గదీ చదువుండ్రి."

అదీ చదివారు. ఎనిమిదో అధ్యాయమూ చదివించాను. దర్జీ చెప్పింది చెప్పాను. నిండు పళ్లెం తిప్పి పంపింది, అబద్ధమాడింది కూడా చెప్పాను. చివరికి ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"బ్రదర్, మా ఇంట్లో అమ్మవారి జాతరకి నేనే మేకను పట్టుకునేవాణ్ణి. ఇప్పటికీ ఏ పండుగ కూర వాసన తగిలినా ఆ డప్పులు చెవిలో మోగుతాయి. నాకు భయమండీ. నా భయాన్నే అందరికీ చట్టం చేశానేమో."

గెలిచిన బేరంలో అవతలివాడి మొహం అలా ఉంటుందని నాకు తెలియదు. ఆ పత్రికలోని బలహీనుడైన సోదరుడు నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"అన్నా, మీ ముంగట ఎన్నడు తినను. మీరు మా ఇంటికొస్తే ఉల్లిగడ్డ పులుసే" అన్నాను.

"బేరం బాగుందండీ" అన్నారాయన. అప్పుడు నవ్వారు. లేచి మాట చెప్పమని ఎవరినీ అడగలేదు. రొట్టె పళ్లెం వెనక వరుసకు వెళ్లింది. మా ఆవిడ తీసుకుంది.

ఇంటికి రాగానే ఆమె ఒక పళ్లెంలో బెల్లం, వేయించిన పల్లీలు పోసి కిటికీ చెక్క మీద కొట్టింది.

"కౌన్?" అని అవతలి నుంచి.

"నేనే ఆపా. ఆకలైతుంది."

చెక్క జరిగింది. "పండుగ అయిపోయింది చెల్లె. పప్పే ఉంది."

"పప్పే ఇయ్యి. మా ఆయన గూడ తింటడు."

"ఒంట్ల మంచిగైందా భయ్యాకు?"

గోడకు ఇవతల నిలబడ్డ నాకు చెవులు కాలాయి. "ఒంట్ల ముందే మంచిగుండె ఆపా. అబద్ధమాడిన" అన్నాను.

"మాకు ఎర్కే" అంది ఆపా. పళ్లెం వచ్చింది. వేడి వేడి పుల్లటి పప్పు, పక్కన మూడు రొట్టెలు, ఒకటి చిన్నది పిల్లకు. నేలమీద కూర్చుని, ఏమీ విచారించకుండా తిన్నాను.