ఐదు చప్పట్లు, రెండోది గట్టిగా

రెండు వేల ఇరవై మూడులో కోల్‌కతాలోని ఒక కోచింగ్ సెంటర్లో, ఇటలీ వృద్ధాశ్రమాల్లో పనికి వెళ్లే నర్సులకి నేను ఇటాలియన్ చెప్పేవాణ్ణి. తెలుగువాడికి కోల్‌కతాలో ఇదేం పని అని అడక్కండి. మా ఇంట్లో అడిగీ అడిగీ మానేశారు.

ఆ బ్యాచ్‌లో గార్డెన్ రీచ్ నుంచి సారా వచ్చేది. తాతలనాడు శ్రీకాకుళం నుంచి పోర్టు పనికి వచ్చిన కుటుంబం. ఉన్న ఉద్యోగం మానేసి మరీ చేరింది. అన్నీ వచ్చేవి, స్ట్రెస్ తప్ప. అంటే, మాటలో ఒక్క సిలబుల్ మీద, ఒక్క ఊపులో పలికే ముక్క మీద, పడే ఊనిక. 'ఫోన్ చేస్తారు' అనాలంటే తె-లె-ఫొ-న-నొ. ఐదు ముక్కలు, ఊనిక రెండోదాని మీద. మన నాలుక అన్నిటినీ సమానంగా చూస్తుంది. రాజ్యాంగానికి మంచిదే, ఇటాలియన్‌కి కాదు.

ఆదివారం చర్చిలో పాటలకి చప్పట్ల తాళం సారాదే. ముక్కకోసారి చప్పట్లు కొట్టి, ఊనిక దగ్గర గట్టిగా కొట్టమన్నాను. వారంలో క్రియలన్నీ దారికొచ్చాయి.

మాక్ ఇంటర్వ్యూకి, అంటే ఉత్తుత్తిదానికి, సెంటర్ యజమాని కూర్చున్నాడు. అందరికీ దాదా, అంటే బెంగాలీలో అన్నయ్య. ఇటాలియన్‌లో ఆయనకి వచ్చింది పలకరింపు ఒక్కటే. సారా చప్పట్లు విని, ఇదేమన్నా భజనా అన్నాడు. చేతులు కట్టుకోమన్నాడు. కట్టుకోగానే ఊనికలన్నీ చెదిరాయి. అసలు ఇంటర్వ్యూ జాబితాలోంచి దాదా ఆమె పేరు కొట్టేశాడు.

"సేతులు కట్టేత్తే మాటెలాగొస్తాది మాస్టారూ?" అంది సారా, బయటికొచ్చి.

నాకు కాస్త కోపం వచ్చింది. కాస్త అంటే, దాదా గదిలో ఫ్యాన్ చప్పుడు వినపడనంత. చేతులు ఊపకుండా మాట్లాడే ఇటాలియన్‌ని ఒక్కణ్ణి చూపించమన్నాను. ఆమె పేరుతోపాటు నా పేరూ కొట్టేయమన్నాను. మరో మాస్టారు దొరకడు కాబట్టి దాదా తగ్గాడు. చేతులు కట్టుకోవాలన్న షరతు మాత్రం వదల్లేదు.

అసలు ఇంటర్వ్యూ వీడియోలో. దాదా, నేనూ కెమెరాకి ఇవతల కూర్చున్నాం. ఇటలీ నుంచి వృద్ధాశ్రమం మేట్రన్, అంటే పెద్ద నర్సు, పలకరించింది; అది పూర్తయ్యేలోపే మేట్రన్ చేతులు రెండుసార్లు తెర దాటిపోయాయి. రోగికి ఉన్నట్టుండి బాగా లేకపోతే నర్సులు ఏం చేస్తారని అడిగింది. సారా దాదాని చూసింది. మేట్రన్ చేతులు చూసింది. తన చేతులు విప్పి, బల్ల మీద తడుతూ, డాక్టర్‌కి "తెలేఫొననొ" అంది.

మేట్రన్‌కి అందులో వింతేమీ కనిపించలేదు. తర్వాతి ప్రశ్నకి వెళ్లింది. సారా ఇప్పుడు ఇటలీలో ఉంది.

ఒకరిని చేతులు కట్టుకోమనే ముందు, అవతలివాళ్ల చేతులు ఎలా ఉన్నాయో చూడాలి. నేను నేర్చుకున్నది ఇదీ. దాదా నేర్చుకున్నది సెంటర్ గోడ మీద పోస్టరుగా ఉంది: 'చప్పట్లతో ఇటాలియన్, మా సొంత పద్ధతి'. బొమ్మలో చప్పట్లు కొడుతున్నది ఆయనే. దాని ముందు నుంచి వెళ్లేటప్పుడు మాత్రం నా చేతులు నేనే కట్టుకుంటాను.