తురాయి అన్న మాట పోయాక

మావారు కార్ల డిజైన్ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటికి కాస్త దూరంలో ఉన్న ఒక మ్యూజియంలో శనివారాలు వాలంటీరుగా చేరారు. బాతుమూతి డైనోసార్ల అస్థిపంజరాల ముందు నిలబడి పిల్లలకు వాటి సంగతులు చెప్పడం ఆయన పని. వాటి తలమీది తురాయిలంటే ఆయనకు పిచ్చి. నేను వంట చేస్తుంటే వచ్చి నాకూ పాఠం చెప్పేవారు. సారోలోఫస్ తురాయి గట్టి ఎముక. పారాసారోలోఫస్‌ది బోలు గొట్టం. ముక్కు గాలి అందులో తిరిగి బూరలా మోగేదేమో అంటారు. కోరిథోసారస్ అంటే శిరస్త్రాణం పెట్టుకున్న బల్లి.

"లోఫస్ అంటే గ్రీకులో తురాయోయ్!" అనేవారు, పోపు మాడిపోతున్నా పట్టించుకోకుండా.

మొదట పోయినవి ఈ పేర్లే. ఒకరోజు భోజనాల దగ్గర, "ఆ పొడుగు తురాయిది... దాన్నేమంటారూ?" అన్నారు. చెప్పాను. ఆ మాట మొదటిసారి విన్నట్టు చూశారు. వయసు కదా అనుకున్నాం. కొన్నాళ్లకు తురాయి అన్న మాటా పోయి, "తలమీది అది" అయింది. స్కాన్ చూసిన డాక్టరు, మాటల అర్థాలుండే చోట మెదడు కుంచించుకుపోతోందనీ, దీనికి మందు లేదనీ చెప్పింది. అయినా నేను బొమ్మలు ప్రింట్ చేసి పొద్దున్నే పేర్లు చెప్పించేదాన్ని. సాయంత్రానికి ఒక్కటీ ఉండేది కాదు.

ఒక శనివారం నేనూ ఆయన వెంట వెళ్లాను. తల్లితో వచ్చిన ఓ తెలుగు పిల్ల పారాసారోలోఫస్ ముందు ఆగింది.

"అంకుల్, దీని క్రెస్ట్ సాలిడ్ ఉంటదా, హాలో ఉంటదా?"

ఆయన చాలాసేపు తల పైకెత్తి చూశారు. తర్వాత నవ్వి, "బాతు," అన్నారు.

"నో అంకుల్. ఇది డక్ కాదు."

"బాతే. పెద్ద బాతు."

పిల్ల బిత్తరపోయి తల్లి చెయ్యి పట్టుకుంది. జవాబు నాకు తెలుసు, బోలు గొట్టమని. ఆయన ముందు చెప్పబుద్ధి కాలేదు.

కాసేపటికి మేనేజరు నన్ను పక్కకు పిలిచి, "కొన్నాళ్లు రెస్ట్ తీసుకోనివ్వండి," అని ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. ఆయన బ్యాడ్జి నేనే తీసిచ్చాను.

ఇప్పుడు ఆయనకు అన్నమూ "అది"యే, చెప్పులూ "అది"యే. మాటలు నేర్పించడానికి ఇంటికి వచ్చే స్పీచ్ థెరపీ అమ్మాయి మాట్లాడే ఇంగ్లీషు ఆయనకు అర్థం కావడం మానేసింది. ఆమె బొమ్మలు చూపిస్తే భయపడి చేతులు వెనక్కి తీసుకునేవారు. ఆ అమ్మాయి రావడం ఆపేసింది. మళ్లీ రమ్మని నేనూ ఫోన్ చేయలేదు.