ఐదు రోజుల కాలు

ఎంబీఏ రెండో ఏడాదిలో ఆపరేషన్స్ తీసుకున్నవాళ్లం మా క్లాసులో నలుగురమే. మిగతా వాళ్లంతా సిస్టమ్స్ వైపు వెళ్లిపోయారు. ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో ఏ బస్సెక్కినా జావా, టెస్టింగ్, మెయిన్‌ఫ్రేమ్ అన్న మాటలే చెవిన పడేవి. క్లాసులో నా పక్కన కూర్చునే స్నేహితురాలు పొద్దున కార్ఖానా అనే పేటలో ఉన్న మా కాలేజీకి వచ్చేది, మధ్యాహ్నం అమీర్‌పేటలో కోచింగ్‌కి పరిగెత్తేది. "నువ్వూ వచ్చెయ్యవే, బ్యాచ్ నిండిపోతోంది" అని రోజూ తొందరపెట్టేది. రెండు రోజులు వెళ్లాను కూడా. మూడో రోజు మానేశాను. మానేసినందుకు వారం రోజులు మనసు కుదురుగా లేదు.

మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటావిడ నేను ఆపరేషన్స్ చదువుతున్నానని విని, "అయితే మీ అమ్మాయి డాక్టరవుతుందన్నమాట" అంది. అమ్మ శ్రీకాకుళం నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా ఆ యాస వదల్లేదు. ఆవిడ వెళ్లాక నాకేసి తిరిగి, "ఏటే, డాక్టరీ కాకపోతే మరేటని సెప్పమంటావు?" అంది.

నిజానికి ఆ సబ్జెక్టు నాకు నచ్చింది ఒక్క కారణానికే. నాకు చిన్నప్పటి నుంచీ ఓపిక లేదు. క్యూలో నిలబడలేను, బస్సు కోసం ఆగలేను. ఆ ఏడాది మా ప్రొఫెసర్, ఎక్కడైనా ఒక మనిషి ఊరికే ఎదురుచూస్తున్నాడంటే అక్కడ పని ఏర్పాటులోనే ఏదో లోపం ఉందని బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పారు. నా అసహనానికి ఎవరో సర్టిఫికెట్ ఇచ్చినట్టనిపించింది. ఆ రోజు ఇంటికెళ్లి అమ్మ వంట చేస్తుంటే గడప దగ్గర పుస్తకం పట్టుకుని నిలబడ్డాను.

"పొయ్యి దగ్గర్నుంచి కుళాయి దగ్గరికి పదకొండు సార్లు తిరిగావమ్మా."

"నువ్వు లెక్కెట్టే బదులు ఆ గిన్నె ఇలా అందించుంటే పది సార్లతో పోయేది" అంది అమ్మ.

ప్రాజెక్టుకి మిగతా ముగ్గురికీ ఫ్యాక్టరీలు దొరికాయి. నన్ను మాత్రం ప్రొఫెసర్ మౌలాలి గుట్టకి ఇవతల ఒక ట్రస్టు నడుపుతున్న కృత్రిమ కాళ్ల కేంద్రానికి పంపారు. "అక్కడ కాలు పెట్టించుకోడానికి వచ్చినవాళ్లు ఐదు రోజులు ఉండాల్సి వస్తోందట. ఎందుకో చూడు" అన్నారు. యంత్రాలు, బెల్టు మీద కదిలే సరుకు చూడాలని ఆశపడ్డ నాకు ఏడుపొచ్చింది.

అదొక రేకుల షెడ్డు. లోపల కాలికి అచ్చు తీసే గది, ప్లాస్టిక్‌ను వేడిచేసే పొయ్యి, సానపట్టే బల్ల. ముందు పొడుగాటి వరండా. వరండాలో చాపల మీద కాలు పోయినవాళ్లు వరసగా కూర్చునేవారు. ఒక పక్క నడక నేర్చుకోడానికి రెండు ఇనుప కడ్డీలు పాతారు. కాళ్లు తయారుచేసే పెద్దాయన్ని అందరూ మాస్టర్ అనేవారు. అరవై దాటిన మనిషి. మోచేతుల దాకా ఎప్పుడూ తెల్లటి ప్లాస్టర్ అంటుకుని ఉండేది.

"ఏం కావాలమ్మా? కాళ్లు చేసుడు నేర్సుకుంటవా?" అన్నాడు.

"కాదు మాస్టర్‌గారూ. ఏ పనికి ఎంత టైం పడుతోందో రాసుకుంటాను."

"రాసుకో. జెర దూరం నిలబడు, ప్లాస్టర్ పడ్తది."

నా కాగితం మీద రెండే గడులుండేవి. ఒకటి పని, రెండోది వెయిటింగ్. ఒక కాలు మొదలైనప్పటి నుంచి అది మనిషికి తొడిగేదాకా వెంటపడి రాశాను. కొలతలు, అచ్చు, అచ్చుని సరిచెయ్యడం, ప్లాస్టిక్ వేడిచేసి అచ్చు మీద తొడగడం, పాదం బిగించడం, నడిపించి చూడటం. అన్నీ కలిపితే పని ఐదు గంటలు దాటలేదు. మిగతాదంతా వెయిటింగే. అచ్చులు సోమవారం మాత్రమే తీస్తున్నారు. ఎనిమిది అచ్చులు పోగయితే గానీ పొయ్యి వెలిగించడం లేదు. అందరి కాళ్లూ పూర్తయ్యాకే ఒకేసారి నడిపిస్తున్నారు. మూలకారణం దొరికేసిందని నాకు ఒళ్లంతా ఉత్సాహం పట్టింది. పరుగున వెళ్లి మాస్టర్‌కి చెప్పాను.

ఆయన ఆకురాయి ఆపకుండానే అడిగాడు. "ఐదు దినాలు వాళ్లు ఊకె కూసుంటున్నరా? మంచిగ చూసినవా?"

"చూశాను మాస్టర్‌గారూ. మాట్లాడుకుంటున్నారు. ఒకళ్లు నడుస్తుంటే ఇంకొకళ్లు చూస్తున్నారు."

"మరి గది యాడ రాసినవ్?"

"అది వెయిటింగ్‌లోకి వస్తుంది."

ఆయన సానపట్టడానికి ఇంకో కాలు అందుకున్నాడు. పెద్దాయన, కొత్త పద్ధతంటే గిట్టదు అనుకున్నాను.

కేంద్రం మేనేజర్‌కి చెబితే ఒప్పుకున్నాడు. ఇక సోమవారం దాకా ఆగక్కర్లేదు. వచ్చినవాళ్లకి వచ్చినట్టే అచ్చు తియ్యాలి, రెండు అచ్చులున్నా పొయ్యి వెలిగించాలి, మర్నాడు మధ్యాహ్నానికి కాలు తొడిగి పంపాలి. ఆ పద్ధతిలో మొదట కాలు పెట్టించుకున్నది బోయిన్‌పల్లి మార్కెట్‌లో టమాటాలమ్మే ఒకామె. యాభై దాటాయి. షుగర్ పుండు ముదిరి ఎడమ కాలు మోకాలి కిందికి తీసేశారు.

"రేపటికే ఇస్తరా బిడ్డా? మంచిగాయె. నా జాగల ఇంకోడు కూసుంటడని పరేషాన్ అయితున్న" అంది.

మర్నాడు రెండు గంటలకల్లా కడ్డీల మధ్య నాలుగుసార్లు నడిచింది. మాస్టర్ జాగ్రత్తలు చెబుతుంటే గబగబా తల ఊపింది. ఆటో ఎక్కి వెళ్లిపోయింది. నేను గడియారం చూసి రాసుకున్నాను. మూడు వారాల్లో అలా పదకొండు మందిని పంపాం. ప్రొఫెసర్ క్లాసులో నా కాగితాలు చూపించి మెచ్చుకున్నారు. అదే వారం నా స్నేహితురాలికి ఉద్యోగం ఉత్తరం వచ్చింది. ఆమె లడ్డూ ఇస్తే తింటూ, నేనూ ఏదో సాధించానని నాకు నేను చెప్పుకున్నాను. అయినా లోపల ఏదో తరుముతూనే ఉంది. ఒకటిన్నర రోజుని ఒక రోజు చెయ్యొచ్చేమోనని లెక్కలు మొదలుపెట్టాను.

ఆ తర్వాతి మంగళవారం టమాటాలామె చంకకర్రల మీద వచ్చింది. కొత్త కాలు గోనెసంచిలో ఉంది.

"గుచ్చుతున్నది బిడ్డా. వేసుకోవస్తలేదు" అంది.

మాస్టర్ గుడ్డ విప్పాడు. ఎముక మీద చర్మం లేచిపోయి రూపాయి బిళ్లంత పుండు. షుగరున్న మనిషికి అదేమిటో నాకు చెప్పక్కర్లేదు. మొదటి రోజుల్లో గంటా రెండు గంటలకోసారి కాలు తీసి చర్మం చూసుకోవాలట. కాలు వాపు తగ్గి తొడుగు వదులయ్యేకొద్దీ మేజోడు మీద మేజోడు వేసుకోవాలట. ఆమె పొద్దున తొడిగి సాయంత్రం దాకా తియ్యలేదు.

"మాస్టర్‌గారు చెప్పారు కదమ్మా" అన్నాను.

"చెప్పిండు. గా తొందరల ఏం సమజైతది బిడ్డా?"

డ్రెస్సింగ్ అయ్యాక మాస్టర్ నన్ను వరండాలోకి తీసుకొచ్చాడు. కోపంగా లేడు. అది ఇంకా బాధనిపించింది.

"నేను చెప్తే అందరు తలకాయ ఊపుతరమ్మా. ఈడ కూసున్నప్పుడు ముందొచ్చినోళ్లు ఎనకొచ్చినోళ్లకు చెప్తరు. మేజోడు ఎట్ల తొడగాలె, ఎర్రగైతే ఎప్పుడు తియ్యాలె, కింద పడితే ఎట్ల లేవాలె. వాళ్లల్ల వాళ్లు చెప్పుకున్నదే యాదుంటది."

"ముందే నాకు ఎందుకు చెప్పలేదు మాస్టర్‌గారూ?"

"అడిగిన గదా. నువ్వు వెయిటింగ్ల రాస్తివి."

ఆ తర్వాత పది రోజులు నేను ఎక్కడా స్థిమితంగా కూర్చోలేదు. మిగతా పదిమందికీ కార్డులు రాశాను. ఫోన్ ఉన్నవాళ్లకి ఎస్టీడీ బూత్ నుంచి చేశాను. ముగ్గురికి చర్మం ఎర్రబడిందని తేలితే వెంటనే రమ్మన్నాను. పొద్దున్నే బోయిన్‌పల్లి వెళ్లి మార్కెట్ వెనక టమాటాలామె ఇంట్లో పుండు ఎలా ఉందో చూసి, అక్కణ్నుంచి కాలేజీకి వెళ్లేదాన్ని. ఒకరోజు ఆమె నా ముఖం చూసి జాలిపడింది.

"నీ తప్పు కాదు బిడ్డా. నేనే జల్ది చేసిన."

"లేదమ్మా. తొందర నాది" అన్నాను. ఆ మాట అనడానికి నాకు అన్నాళ్లు పట్టింది.

పుండు మానడం మొదలైంది. ఈలోగా మార్కెట్‌లో ఆమె జాగాలో ఎవరో తమ బుట్టలు సర్దేసుకున్నారు. అడిగితే ఖాళీ చెయ్యలేదు. ఆ సంగతి ఆమె నాకు మూడోసారి వెళ్లినప్పుడు గానీ చెప్పలేదు.

నేను గడియారం సంచిలో పడేసి, ఒక వారం వరండాలో చాప మీద కూర్చున్నాను. కూర్చోవడం ఎంత కష్టమైందంటే, మొదటి రోజు నాలుగుసార్లు లేచి నీళ్లు తాగొచ్చాను. ఎవరు ఎవరికి ఏం చెబుతున్నారో విన్నాను, రాసుకున్నాను. తర్వాత మాస్టర్, నేను కలిసి మళ్లీ ఏర్పాటు చేశాం. అచ్చులు రోజూ తియ్యాలి, కాలు రెండో రోజుకి తయారవ్వాలి. కానీ తొడిగాక మరో రెండు రోజులు వరండాలోనే ఉండి, వేసుకుంటూ తీస్తూ నడవాలి. వారానికోసారి పాతవాళ్లలో ఒకరిని పిలిపించాలి. మొత్తం నాలుగు రోజులు. టమాటాలామెకి కొత్త అచ్చు తీసి మళ్లీ కాలు చేశారు. ఈసారి ఆమె నాలుగు రోజులూ ఉంది. చివరి రోజు కొత్తగా వచ్చిన ఒక డ్రైవర్‌కి తన కాలి మచ్చ చూపించి గట్టిగా మందలిస్తోంది.

వైవాకి వచ్చిన పరీక్షకుడు రిపోర్టు తిరగేసి, "ఇంత చేసి ఒక్క రోజే మిగిల్చావా?" అన్నాడు. "అవును సార్" అన్నాను. "ఈ పదకొండు మంది గొడవంతా ఎందుకు రాశావు? రాయకపోతే నాకు తెలిసేది కాదు కదా." జరిగింది కాబట్టి రాశానన్నాను. మార్కులు మామూలుగా వచ్చాయి. ప్రొఫెసర్ మాత్రం ఆ రిపోర్టు కాపీ ఒకటి తన బీరువాలో పెట్టుకున్నారు. నెల తిరక్కుండానే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, వాళ్ల పని పద్ధతులు చూసే విభాగంలో నాకు ఉద్యోగం వచ్చింది. చేరాలా వద్దా అని వారం కొట్టుమిట్టాడి చివరికి ఒప్పుకున్నాను.

చేరేముందు బోయిన్‌పల్లి వెళ్లాను. ఆమెకి గేటు దగ్గర వేరే జాగా దొరికింది. పాతదంత బేరం లేదట. మాట్లాడుతుండగానే లారీ వస్తే, "టమాట బండొచ్చింది, మళ్ల రా బిడ్డా" అంటూ లేచి నడిచింది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తోంది. తిన్నగా కేంద్రానికి వెళ్లి, పాదం ఎత్తు సరిచెయ్యాలేమో చూడమని మాస్టర్‌ని అడిగాను.

"కాలు మంచిగనే ఉన్నది" అన్నాడాయన, ప్లాస్టర్ కలుపుతూ. "నేను సుత అడిగిన. ఆమె చిన్నప్పటి సంది గట్లనే నడుస్తదట."