సర్దాబ్ గదికి గడప

గోదావరి వరదల్లో పుట్టి పెరిగిన నన్ను ముంచింది కువైట్ వాన. ఈ మాట ఊళ్లో ఎవరికి చెప్పినా నవ్వుతారు. నిరుడు చలికాలం మొదట్లో మేముండే జాబ్రియా పేటలో ఒక్క పూట వాన దంచింది. నేను వంట చేసే ఇంట్లో నా గది నేలకు కింద, సర్దాబ్‌లో ఉంది. పొద్దున పైన రొట్టెలు కాల్చి కిందికి దిగేసరికి నా చెప్పులు నాకే ఎదురొచ్చాయి. వాటి వెనకాలే మంచం కింది పెట్టె కూడా తేలుకుంటూ వచ్చింది.

"మళ్లీ నీళ్లొస్తే ఈ గది సామాన్ల స్టోరే. నువ్వు పైన ఇస్త్రీ గదిలో పడుకో, ఖలాస్," అంది మామా. మామా అంటే మా యజమానురాలు. ఇస్త్రీ గదికి తలుపు లేదు. పదకొండేళ్ల కువైట్ బతుకులో నేను లోపలినుంచి గడియ పెట్టుకోగలిగింది ఈ ఒక్క గదికే. అదీ పోతుందంటే నా ప్రాణం ఉసూరుమంది.

ఈ ఏడాది వానలకు ముందే మామా ఫోనులో ఏదో చదివి హడావిడిగా కిందికి దిగింది. ఇంట్లోకి నీళ్లు రాకుండా ఏదైనా కట్టుకుంటే, ఆ ఖర్చులో సగం బలదియా తిరిగిస్తుందట. బలదియా అంటే ఇక్కడి మున్సిపాలిటీ. కాకపోతే అది మనుషులుండే గది అయివుండాలి, స్టోర్‌కు పైసా ఇవ్వరు. "వాళ్లు ఒప్పుకుంటే గది నీది. లేకపోతే స్టోర్," అంది. మామా ఏదైనా అంత సూటిగానే చెబుతుంది.

మా డ్రైవరుది జగిత్యాల. ఇక్కడికి రాకముందు మేస్త్రీ పని చేసేవాడు. గది తలుపుకు అడ్డంగా మోకాలెత్తు సిమెంటు కట్ట కట్టి, వెనక్కి జరిగి మురిసిపోయాడు.

"గింత ఎత్తు సాల్తదా అక్కా?"

"నీళ్లదాకా ఎందుకు తమ్ముడూ, నేనే లోపలికెళ్లలేపోతన్నాను!"

"దాటంగ దాటంగ సన్నవడ్తవు తియ్యి," అన్నాడు.

అతని లెక్కలో అది కట్ట. నా లెక్కలో తలుపుకింద ఉన్నది ఏదైనా గడపే. శుక్రవారం పొద్దున దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బియ్యప్పిండితో ముగ్గేశాను. మామా వచ్చి చూసి, "బిర్యానీ ఒలికిందా?" అని అడిగింది.

రెండు రోజులకు బలదియానుంచి తనిఖీ ఆయన వచ్చాడు. "నువ్వు నోరు తెరవకు, నేను మాట్లాడతాను," అని మామా ముందే హెచ్చరించింది. ఆయన లోపలికి తొంగిచూశాడు. నా మంచం చుట్టూ నిరుటి వాన తర్వాత మామా తోయించిన పాత సోఫాలు, పిల్లల సైకిలు, అట్టపెట్టెలు. "ఇది స్టోర్ కదా," అన్నాడు. "లా, లా, స్టోర్ కాదు, ఇందులో మనిషి ఉంటుంది," అంది మామా. ఆయన నమ్మలేదు. ఏదో రాయబోయి ఆగి, కట్ట గట్టిగా ఉందో లేదో చూద్దామని బూటుకాళ్లతో దానిమీదికెక్కాడు. సరిగ్గా పసుపుమీద నిలబడి రెండుసార్లు గెంతాడు.

"దిగు!" అని అరిచాను, తెలుగులో. ఆయన కదలకపోయేసరికి అరబ్బీలోనూ అరిచాను. "గడప తొక్కుతారా ఎవరైనా? మీ అమ్మ నీకేం నేర్పలేదా?" అన్న ముక్క మాత్రం మళ్లీ తెలుగులోనే వచ్చింది, నా అదృష్టం.

డ్రైవరు గోడవైపు తిరిగిపోయాడు. మామా తెల్లబోయింది. నా గదిని నా నోటితోనే పోగొట్టుకున్నానని అప్పుడు వెలిగింది నాకు.

ఆయన మెల్లగా దిగాడు. బూటుకంటిన పసుపు చూసుకున్నాడు, తర్వాత నన్ను చూశాడు.

"స్టోర్ కోసం ఎవరూ ఇలా అరవరు," అని మామాతో చెప్పి సంతకం పెట్టేశాడు.

ఆ సాయంత్రమే సోఫాలు బయటికి పోయాయి. మర్నాడు నేను బట్టలు మడతపెట్టుకుంటుంటే మామా కిందికొచ్చింది. ఇన్నేళ్లూ తలుపు తెరిచి ఉంటే చాలు, నేరుగా లోపలికొచ్చేసేది. ఈసారి గడప అవతలే ఆగింది.

"రావచ్చా?" అని అడిగింది.

చేతిలో బట్టలు మంచంమీద పెట్టి లేచాను.

"రా మామా," అన్నాను. "తొక్కకుండా రా."