పెద్ద డబ్బాలో కలిపిన నూనె

"సీసలున్న నూనె ఏంజేసినవ్ అవ్వా?"

"పారబోసిన్నా ఏంది? ఇంట్లనే ఉన్నది. పెద్ద డబ్బల కలిపిన."

"డబ్బల కలిపినవా! గది నా నెత్తికి పెట్టుకునే నూనె. గోలీలు ఒక్కొక్కటి గుచ్చి చేసుకున్న."

"నీ ఒక్కదానికేనా నెత్తి ఉన్నది? మీ అమ్మకు లేదా, నాకు లేదా? ఈ ఇంట్ల ఏది తెచ్చినా అందరికి."

"మీకు ఊడుతున్నయా వెంట్రుకలు? నాకు ఊడుతున్నయ్!"

నా కొడుకు బిడ్డ అది. ఎల్లారెడ్డి ఊళ్లోని కాలేజీ నుంచి అప్పుడే బస్సు దిగి వచ్చింది. పుస్తకాల సంచి ఇంకా భుజానే ఉంది. నేను కడిగి గోడ మీద బోర్లించిన చిన్న సీసా దాని చేతిలో ఉంది. మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. ఏం మిగలకుండా సబ్బు పెట్టి కడిగాను నేను. మంచి సీసా, జీలకర్ర పోసుకోవడానికి పనికొస్తుందని అనుకున్నాను.

నెల దాటి బస్సులు బంద్ అయిన సమ్మె ముగిసి, మళ్లీ బస్సులు తిరుగుతున్న చలికాలం అది. అంతకుముందు వానల్లో పిల్లకు టైఫాయిడ్ వచ్చింది. కామారెడ్డి దవాఖానలో తొమ్మిది రోజులు పెట్టి ఇంటికి తెచ్చుకున్నాం. జ్వరం పోయింది, పిల్ల మిగిలింది, అదే పదివేలు అనుకున్నాను. రెండు నెలలకు జుట్టు రాలడం మొదలైంది.

మా ఇళ్లలో దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు పారెయ్యం. వేలికి చుట్టి, ఉండ చేసి, దూలానికి వేలాడే కవరులో దోపుతాం. బిచ్కుంద దిక్కు నుంచి వెంట్రుకలు కొనే మనిషి సైకిల్ మీద వస్తాడు, సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడుతూ. తూచి చూసి గిన్నో గరిటో ఇస్తాడు. మా ఇంటి కవరు నిండాలంటే ఏడాది పట్టేది. ఆ ఏడు దసరాకు కట్టిన కవరు దీపావళి దాటి పది రోజులకే నిండింది.

"ఏమవ్వా, ఇంట్లకు కొత్త కోడలొచ్చిందా, ఇంత జల్ది నిండింది?" అన్నాడు వాడు.

నేనూ నవ్వాను. పొడుగు వెంట్రుకలు, మంచి సరుకు అని బేరం చేసి, మూత ఉన్న స్టీలు గిన్నె తీసుకున్నాను. దాచి ఏం చేస్తాను, ఆ రోజు నాకు సంతోషమే అయింది. ఎవరి తలవి ఆ వెంట్రుకలు అని నేను ఆలోచించలేదు. ఆ పూట కొత్త గిన్నెలో పప్పు వండి పెడితే పిల్ల ముట్టలేదు. పచ్చడి వేసుకుని తిని లేచింది. నోరు చేదుగా ఉందేమో, జ్వరం పడి లేచిన పిల్ల కదా అనుకున్నాను.

కాలేజీకి తల మీద చున్నీ కట్టుకుని పోయేది. దుమ్ముకు కట్టుకుంటుందని అనుకున్నాను. క్లాసులో కూర్చున్నా విప్పేది కాదని నాకు తర్వాత తెలిసింది.

ఎల్లారెడ్డి మందుల దుకాణంలో దానికెవరో చెప్పారట. ఆకుపచ్చ గోలీల పట్టీ ఒకటి తెచ్చుకుంది. చూడటానికి గాజు పూసల్లా మెరిసేవి. వాటిని సూదితో గుచ్చి, వేళ్ల మధ్య పిండి, చిక్కటి చుక్కను కొబ్బరి నూనెలో కలిపేది. సాయంత్రం నా కోడలు బీడీల చాట పక్కన పెట్టి, వేళ్లకున్న తంబాకు ఘాటు పోయేదాకా చింతపండుతో చేతులు రుద్దుకుని, బిడ్డ తలలో పాయలు తీసి ఆ నూనె రాసేది. గట్టిగా రుద్దితే ఇంకా రాలుతాయేమోనని ఇద్దరికీ భయమే. వేలి కొసలతో పసిపిల్ల మాడు తాకినట్టు తాకేది.

"కడుపులకు మింగే మందు నెత్తికి పోసుడేందే?" అని నేనన్నాను.

"గిది విటమిన్ ఇ అవ్వా. నెత్తికి గూడ పెడతరు."

"మాకు ఏ విటమిన్ పెట్టిన్రని మోకాళ్ల దాక పెరిగినయ్?"

"నీకు టైఫాయిడ్ వచ్చిందా మరి?"

నేను ఏదో గొణుగుతూ నా పనిలో పడ్డాను.

నెల తిరిగేసరికి నుదుటి పైన, పాపిట పక్కన చిన్న చిన్న వెంట్రుకలు లేచాయి. కోసిన వరిచేలో మళ్లీ లేచిన పిలకల్లా ఉన్నాయి. అద్దం తెచ్చి నా ముందు కూర్చుని, "చూడవ్వా, ముట్టి చూడు" అంది. ముట్టి చూశాను. ఆ నూనెకే వచ్చాయో, ఒంట్లో నీరసం తగ్గి వాటంతట అవే వచ్చాయో నేను చెప్పలేను. అది మాత్రం నూనెనే నమ్మింది. శివరాత్రి నాటికి చున్నీ తీసేసి కాలేజీకి పోతానని తల్లికి మాట ఇచ్చింది.

కోడలు ఒకరోజు నాతో మెల్లగా చెప్పింది. "అత్తా, గా నూనె పెట్టుకుంటున్నదనే కాలేజీకి పోతున్నది. అది లేకుంటే నేను పోనే పోనంటున్నది."

"నూనెకు సదువుకు ఏం సంబంధమే?" అని కసిరాను.

నేను రెండో తరగతిలో ఉండగానే నా చేతికి బీడీ ఆకు, కత్తెర ఇచ్చారు. నా కోడలికి కూడా అంతే. ఈ పిల్లను మాత్రం చాట ముట్టనివ్వలేదు నేను. కొడుకు చెరుకు నరకడానికి ఊళ్లు పట్టుకుని తిరిగినా, మేమిద్దరం కళ్లు పోయేలా బీడీలు చుట్టినా, దీన్ని చదివించాలనే. అంత పట్టుదల ఉన్న నాకు, దాన్ని కాలేజీ దాకా నడిపిస్తున్నది ఆ సీసాలోని నూనె అని తలకెక్కలేదు.

ఆ రోజు పొద్దున ఇంట్లో అందరం తలకు పెట్టుకునే నూనె డబ్బా అడుగు కనిపిస్తోంది. కొత్తగా తెచ్చిన నువ్వుల నూనె అందులో పోశాను. పిల్ల సీసా నిండుగా ఉంది. చలికి పేరుకుపోయి ఉంటే ఎండలో పెట్టి, కరిగాక ఒక్క చుక్క పోకుండా డబ్బాలో వంపాను. అందరికీ బలం అవుతుంది కదా అనుకున్నాను. దొంగతనం అనుకోలేదు. పొదుపు అనుకున్నాను.

సాయంత్రం అది సీసా పట్టుకుని అరుస్తుంటే కూడా నాకు నా తప్పు కనిపించలేదు.

"డబ్బలకెళ్లి పెట్టుకోరాదే, గదే నూనె గదా!"

"గా డబ్బల నూనె ఎంత, నా పన్నెండు గోలీలెంత? ఏం మిగుల్తదవ్వా అండ్ల?"

"మల్ల తెచ్చుకో, నీ అయ్య బాగ పంపుతున్నడు గదా!"

అప్పుడు అది ఒక్కసారి గొంతు తగ్గించింది.

"నా వెంట్రుకలు రాల్తే నువ్వు గిన్నె తెచ్చుకున్నవ్. నేను నూనె తెచ్చుకుంటే అందరికి కలిపినవ్. నాదనేది ఏమున్నదవ్వా ఈ ఇంట్ల?"

ఆ మాట నాకు తగిలింది. తగిలిన చోట ఊరుకోవడం నాకు చేతకాదు.

"బోడి నెత్తికి ఇంత సోకేందే నీకు!" అన్నాను.

కోడలి చేతిలో బీడీ దారం అట్లాగే ఆగింది. పిల్ల నా దిక్కు చూసింది. ఏడవలేదు. భుజం మీది సంచి తీసి మేకుకు తగిలించి లోపలికి పోయింది.

"గా మాట నువ్వన్నా అనకపోతే మంచిగుండు అత్తా," అంది కోడలు. "కాలేజీల ఎనక కూసున్న పోరగాండ్లు దాన్ని గట్లనే పిలుస్తరట. బోడి, బోడి అని. ఇంట్ల వినపడదు గద అని బతుకుతున్నది."

నాకెందుకు చెప్పలేదే అని అడగబోయి ఆగాను. చెప్తే ఏమనేదాన్ని? పట్టించుకోకు, చదువుకో అనేదాన్ని. అంతకంటే నాకేమీ తెలియదు.

పిల్ల ఆ పూట రెండు ముద్దలు తిని లేచింది. పళ్లెంలో మిగిలిన అన్నం పారెయ్యడం ఎందుకని నేనే తిన్నాను. లోపలికి పోయి దాని పక్కన కూర్చోవాలనుకున్నాను. తప్పైంది బిడ్డా అనే మాట నా నోటికి అలవాటు లేదు. నా అత్త నన్ను అనలేదు, నేను నా కోడలిని అనలేదు. గడప దాకా పోయి, తలుపు కొంచెం దగ్గరకు వేసి, వెనక్కి వచ్చాను.

తెల్లారి నేను వాకిలి ఊడ్చి లోపలికి వచ్చేసరికి పిల్ల తల్లి పక్కన కూర్చుని ఉంది. ఒళ్లో చాట ఉంది.

"బస్సు యాళ్లయితుంది, లే," అన్నాను.

"పోను," అంది.

రోడ్డు మీద బస్సు ఆగింది. రెండుసార్లు హారన్ కొట్టి ఎల్లారెడ్డి దిక్కు పోయింది. అది తల ఎత్తలేదు. కోడలు తడి ఆకు ఒకటి దాని చేతికి ఇచ్చి, తంబాకు ఎంత పోయాలో చూపించింది. మొదటి బీడీ వదులుగా వచ్చింది. దాన్ని విప్పి మళ్లీ చుట్టింది.