పదికి పది

కొండల్లో నారిన్ నది ఎగువన ఉన్న మా చిన్న ఆసుపత్రిలో నేను వంటమనిషిని, జిపార్ నర్సు. ఆపరేషన్‌కు ముందురోజు ప్రతి మంచం దగ్గరా కూర్చుని, "ఎంత సిద్ధంగా ఉన్నారు? పదికి ఎంతో చెప్పండి" అని అడగడం ఆమె పని. అయిదుకు తక్కువ చెబితే డాక్టరు వచ్చి ఓపిగ్గా అన్నీ వివరిస్తాడు. పది అన్నవాళ్ల జోలికి ఎవరూ పోరు.

జిపార్‌కు పదులే ఎక్కువ వచ్చేవి, అందులోనూ ముసలివాళ్ల దగ్గర.

"చూశావా అక్కా, అంతా నా మాట మహిమ!" అని వంటగదిలోకొచ్చి మురిసిపోయేది.

"సర్లే, ఇక కిందికి దిగు. టీ చల్లారిపోతోంది" అనేదాన్ని.

ఆ రోజు కాల్‌మత్ ఆతా వంతు వచ్చింది. గుర్రాలు కాసే తాత, పిత్తాశయంలో రాళ్లు. "సిద్ధమేనా ఆతా?" అంటే నవ్వుతూ పది వేళ్లూ చూపించాడు.

మర్నాడు పొద్దున నేను టీ బండితో వార్డులోనే ఉన్నాను. జిపార్ స్ట్రెచర్ తెచ్చేసరికి ఆతా స్నానం చేసి కూర్చున్నాడు. ఆయన తెల్ల ఉన్ని టోపీ పక్క మంచం కుర్రాడి తల మీద ఉంది. మాలో మగాడు ప్రాణముండగా తన టోపీ ఇంకొకరికి ఇవ్వడు.

"ఇదేంటి ఆతా?" అంది జిపార్.

"వాడికి బాగుందిలే. ఇది నువ్వుంచు తల్లీ." ఆమె చేతిలో మూట పెట్టాడు. విప్పితే శవానికి చుట్టే కఫన్ గుడ్డ. "నా దినం భోజనాలకు కోయడానికి గుర్రాన్ని ఎంచిపెట్టాం. అందరి దగ్గరా సెలవు తీసుకున్నా. నావల్ల తప్పు జరిగుంటే నువ్వూ మన్నించు."

"అయ్యో, రాళ్లు తీసేస్తారంతే! వారంలో ఇంటికెళ్లిపోతారు!"

"పొట్ట కోశాక ఇంకా ఇల్లేంటి?" ఆయన నిజంగానే విస్తుపోయాడు. "ఆ మాట నాకెవరూ చెప్పలేదే."

మా ముసలివాళ్లను సిద్ధమా అని అడిగితే ఇంకేం అర్థమవుతుంది? ఈ ముక్క మాలో ఒక్కరికీ తట్టలేదు.

జిపార్ స్ట్రెచర్ వెనక్కి పంపేసింది. డాక్టరు కసురుకుంటూ వచ్చాడు. "పది చెప్పినాయన్ని ఆపుతావేంటి?"

"ఆయన పది చెప్పింది చావుకండీ!"

జిపార్ అరవడం నేనెప్పుడూ వినలేదు. డాక్టరు మంచం మీద కూర్చుని, ఎక్కడ కోస్తాడో, ఎప్పుడు మెలకువ వస్తుందో మొదలుపెట్టి చెప్పాడు.

డాక్టరు చెప్పడం అయ్యాక జిపార్ అడిగింది. "మరి ఇంటికి తిరిగెళ్లడానికి ఎంత సిద్ధం ఆతా?"

ఆతా చాలాసేపు ఆలోచించి రెండు వేళ్లు చూపించాడు. తర్వాత పక్క మంచం వైపు తిరిగి, "ఒరే, నా టోపీ ఇటివ్వు" అన్నాడు.

అందరం నవ్వాం, జిపార్ తప్ప. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అక్కా, ఇన్నాళ్లూ నాకు పది చెప్పి లోపలికెళ్లిన ముసలాళ్లంతా..."